సన్నాయి సంచిలో చాకు

నేను ఒక మడతచాకును. ఎర్రపిడి, వేలెడంత అలుగు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటాను. కానీ పుట్టు పిరికిదాన్ని. నాకు నేనంటేనే భయం.

ఊరి చివర రేకుల షెడ్డులో తయారయ్యాను. తెరిచిన అలుగును కదలకుండా పట్టి ఉంచే స్ప్రింగు నాకు బిగిస్తుండగా భోజనాల గంట కొట్టారు. పనివాడు లేచిపోయాడు. మేకు మీద ఒక దెబ్బ తక్కువ పడింది. ఇక వెనకనుంచి కొంచెం ఒత్తిడి తగిలితే చాలు, నా అలుగు టపీమని మూసుకుపోతుంది. మధ్యలో ఎవరి వేలున్నా ఆగదు. ఈ సంగతి నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు.

తెనాలి స్టేషను బయట ఒక బండి మీద దువ్వెనల పక్కన పడి ఉండేదాన్ని. కొనేవాళ్ళందరిదీ ఒకటే పరీక్ష. బొటనవేలితో పదును చూస్తారు, పిడి రంగు చూస్తారు, బేరమాడతారు. తెరిచి, వీపు మీద ఒక్కసారి నొక్కి చూసిన మహానుభావుడు ఒక్కడూ లేడు. ఎవరు చేయి చాపినా నాకు గుండె జారిపోయేది.

ఒక మధ్యాహ్నం సుబ్బరత్తమ్మ వచ్చింది. ఆమె భర్త కోటిలింగం సన్నాయి వాయిస్తాడు. మర్నాడు రాజమండ్రిలో పెళ్ళి. అతనికి షుగరు, వేళకు ఏదో ఒకటి తినాలి. కానీ వాయించే ముందురోజు గట్టి కాయ కొరకడు, నోరు పాడవుతుందని పట్టింపు. అందుకే జామకాయలు కోయడానికి చాకు కావాలి.

"ఖరీదైంది ఎందుకులే, ఎక్కడో పారేస్తాడు. ఆ ఎర్రదియ్యి, సంచిలో కనబడుద్ది" అంది.

నన్నొద్దు తల్లీ అని అరవాలనిపించింది. పక్కనే గట్టి స్ప్రింగున్న నల్లపిడి చాకు ఉంది. మెరుపు లేదని దాన్ని ఆమె ముట్టుకోనైనా లేదు.

రైల్లో సన్నాయి సంచిలోంచి తొంగిచూశాక గానీ నేనెవరి పాల పడ్డానో తెలియలేదు. ఏడు రంధ్రాల మీద ఆడే వేళ్ళు అవి! ఊరికే కూర్చున్నా తొడ మీద ఏదో వాయిస్తూనే ఉన్నాయి. వాటిలో ఒక్కటి తెగితే రేపటి పెళ్ళి మాట అటుంచి, ఆ ఇంట్లో పొయ్యి వెలిగేదెలా?

"బెజవాడ దాటింది, తినవా ఏమయ్యా?" అంటూ సుబ్బరత్తమ్మ నన్ను తెరిచింది.

"ఇటియ్యి, నేనే కోసుకుంటా." కోటిలింగం చేయి చాపాడు.

"కత్తి ఎవరన్నా చేతికిస్తారా? తగవులొస్తయ్యి. కింద పెడతా, తీసుకో."

"ముప్పయ్యేళ్ళ నుంచీ కిందే పెడతన్నావు. మన తగవులు ఆగినయ్యా?"

ఆమె వినలేదు. పిడి చివర రెండు వేళ్ళతో పట్టుకుని నన్ను సీటు మీద పెట్టబోయింది. అంతలో రైలు కుదిపింది. నా వీపు టిఫిను క్యారియరు అంచుకు తగిలింది. టప్! మూసుకుపోయాను. ఆమె గోరు అంచున ఆగాను.

ఇద్దరూ బిగుసుకుపోయారు. తర్వాత ఆమె అతని చేయి లాక్కుని ఒక్కో వేలూ తడిమి చూసింది.

"అమ్మో, నీ చేతికే ఇచ్చుంటే పోయేదయ్యా, వేలు" అంది. అతను నవ్వబోయి నవ్వలేకపోయాడు.

ఆమె నన్ను కిటికీలోంచి విసరబోయింది. కోటిలింగం ఆపాడు. "వద్దే. పట్టాలెంట నడిచేవాళ్ళు తీసుకుంటారు. వాళ్ళకి మాత్రం వేళ్ళుండవా?"

సన్నాయి ఊదే పీకకు చుట్టే నూలుదారం తీసి, నేను మళ్ళీ తెరుచుకోకుండా చుట్టు మీద చుట్టు బిగించాడు. నాకు ఏడుపొచ్చింది. నన్ను ఇన్నాళ్ళకు ఒకరు ఆపారు.

అప్పటికే తినే వేళ దాటి అతనికి చెమటలు పడుతున్నాయి. మొగుడికి ఎంగిలి పెట్టడం ఆమె ఎరగని పని. అటూ ఇటూ చూసి, జామకాయ తనే కొరికి, ఆ ముక్క అతని చేతిలో పెట్టింది. అతను నమిలాడు. రెండు కాయలూ అలాగే అయిపోయాయి.

మర్నాడు పందిట్లో గట్టిమేళం మోగింది. సంచి అడుగున కట్లతో ఉన్నాను. దారం తెగుతుందేమో, ఎవరైనా విప్పుతారేమోనన్న భయం నన్ను వదల్లేదు. అందరూ తాళి కట్టడం చూస్తున్నారు. నేను మాత్రం ఒక్కో స్వరమూ చెవులు రిక్కించి వింటున్నాను, ఆ వేళ్ళన్నీ ఉన్నాయా, అన్నీ ఉన్నాయా అని.