ఇరవై తొమ్మిదో ఇల్లు

అరవవాళ్ళ పెరటాసి నెలలో మా గుడియాత్తం భజన మందిరం నుంచి వేంకటేశ్వరస్వామి ఉత్సవ విగ్రహం శనివారానికొక ఇంటికి వస్తుంది. పొద్దున వచ్చి, సాయంత్రం భజన అయ్యాక తిరిగి వెళ్తుంది. మందిరంలో చేరిన తెలుగు కుటుంబాలు నలభై. శనివారాలు నాలుగు. ఏ ఇళ్ళకు స్వామి రావాలో తేల్చడానికి పూర్వం చెంబులో చీటీలు వేసి తీసేవాళ్ళం. మడతలో గుర్తు పెట్టారని ఒక ఏడు తగువు వచ్చింది. అప్పుడు కార్యదర్శి బాలచంద్రన్ తన ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ మాక్రో ఒకటి తయారు చేశాడు. బటన్ నొక్కితే నాలుగు అంకెలు వస్తాయి, పేర్ల జాబితాలో ఆ వరుసల్లో ఉన్న ఇళ్ళకు స్వామి వస్తాడు. మిషనుకు చుట్టాలుండరు కదా అని అందరం ఒప్పుకున్నాం.

మొదటి ఏడాది ఇరవై తొమ్మిది, ఇరవై రెండు, ఇరవై నాలుగు, పన్నెండు వచ్చాయి. మరుసటి ఏడు నొక్కితే మళ్ళీ అవే. మందిరం గోవింద నామంతో మారుమోగింది. స్వామి తనకు నచ్చిన ఇళ్ళు తానే చెప్తున్నాడని నేనూ చెంపలు వేసుకున్నాను. మూడో ఏడు కూడా అవే వచ్చేసరికి ఆ నాలుగిళ్ళవాళ్ళకు శాలువాలు కప్పారు. ఇరవై తొమ్మిదో ఇల్లు మందిరం పెద్ద రంగరాజులుది.

స్వామికి నచ్చిన ఇళ్ళు ఉన్నాయంటే నచ్చని ఇళ్ళు కూడా ఉన్నట్టే. వాటికి కారణాలు వెతకడం మొదలైంది. మా ఇంటికి పెద్దగా వెతకనక్కర లేకపోయింది. మా అబ్బాయి కార్తిక్ పెళ్ళి చేసుకున్న జెసింత క్రైస్తవుల అమ్మాయి. వాళ్ళూ తెలుగువాళ్ళే.

"సిలువ ఉండే ఇంట్లో శంఖుచక్రాలు యాడ నిలుస్తాయి?" అన్నాడు రంగరాజులు ఒకసారి భజన ముగిశాక, నా భార్య దేవకికి వినబడేటట్లు.

ఆ రోజు నుంచి దేవకి మందిరానికి పోవడం మానేసింది. కోడలితో మాటలూ తగ్గించింది. జెసింత వేసిన ముగ్గును శనివారం పొద్దున తుడిచి తాను మళ్ళీ వేసేది. ఆ పిల్ల అది చూసి, ముగ్గు తొక్కకుండా దాటి వేలూరు బస్సెక్కి ఆఫీసుకు పోయేది.

ఈ ఏడు బాలచంద్రన్ అందరూ చూసుకోమని ఆ ఎక్సెల్ ఫైలును వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. జెసింత పనిచేసేది ఒక కంపెనీ లెక్కల విభాగంలో. ఆ ఫైలు చూసి సాయంత్రం నా దగ్గరికి వచ్చింది.

"మామా, దీంట్లో రాండమైజ్ అని ఒక వరుస ముందు రాయాల. రాయలేదు. అది లేకుంటే ఎక్సెల్ కొత్తగా తెరిచినప్పుడల్లా అంకెలు మొదటినుంచి అట్లే వస్తాయి."

"అంటే ఏంటమ్మా?"

"పేక కలపకుండా పంచినట్ల. కట్ట ఎప్పుడు తీసినా పైన ఉండే ముక్క అదే కదా. వాళ్ళు మోసం చేయలేదు మామా, తెలీదు అంతే. గొడవ వద్దు."

ఇన్నాళ్ళూ మాటలు పడిన పిల్ల గొడవ వద్దంటున్నది. నాకు ఒళ్ళు మండిపోయింది.

అంకెలు తీసే రోజు మందిరం గోడ మీద తెర కట్టారు. బాలచంద్రన్ బటన్ నొక్కాడు. అవే నాలుగు. గోవిందా అన్నారు అందరూ. నేను లేచి నిలబడ్డాను.

"బాలచంద్రా, ఆ ఎక్సెల్ పూర్తిగా మూసి, మళ్ళీ తెరిచి నొక్కప్పా."

"ఎందుకన్నా?"

"నొక్కు నాయనా."

మూసి, తెరిచి, నొక్కాడు. అవే వచ్చాయి. ఈసారి గోవింద నామం ఇంకా గట్టిగా వినిపించింది. ముందు కూర్చున్న ముసలమ్మ ఒకామె కళ్ళు తుడుచుకుంది.

రంగరాజులు నవ్వాడు. "చూస్తివా గోవిందరాజా? స్వామి మాట మారేది కాదు. నీ కోసరం ఎన్నితూర్లు అడిగినా అంతే."

"సరి అన్నా. ఇరవై తొమ్మిదో వరుసలో నీ పేరు తీసి జెసింత అని కొట్టమను."

బాలచంద్రన్ రంగరాజులు వైపు చూశాడు.

"కొట్టప్పా. స్వామికి ఇష్టం లేకుంటే అంకె మారుతుంది కదా."

అరవ అక్షరాల్లో కొట్టాడు. మా పేర్లన్నీ ఆ లిపిలోనే ఉంటాయి, తెలుగు చదవగలిగినవాళ్ళు మాలో తక్కువ. మూసి, తెరిచి, నొక్కాడు. మొదట ఇరవై తొమ్మిదే వచ్చింది. పక్కన జెసింత పేరు. ఈసారి గోవిందా అని ఎవరూ అనలేదు.

"అది నువ్వు రాయించిన పేరు. చెల్లదు," అన్నాడు రంగరాజులు.

"ముందుండిన పేరు స్వామి వచ్చి రాసిపోయినాడా అన్నా?"

వెనక ఎవరో నవ్వబోయి దగ్గారు. బాలచంద్రన్ చెమట తుడుచుకున్నాడు. "అన్నా, సత్యంగా నాకు తెలీదు. నెట్‌లో ఉండింది చూసి ఎక్కించినాను."

"నిన్నేమీ అనలేదప్పా. నువ్వు అంకెలు చెప్పినావు. వీళ్ళు దానికి అర్థం చెప్పినారు."

చెంబులో చీటీ తీసినప్పుడు మాత్రం చెప్పింది స్వామేనా అంటే నాకు తెలియదు. ఆయన మాట ఏది, మన చేతి తప్పు ఏది అని విడదీసే చదువు నాకు లేదు. రంగరాజులుకూ లేదు. లేనివాడు ఒక ఆడపిల్లను వేలెత్తి చూపకుండా ఉండాల్సింది.

"సరి, ఇప్పుడు ఏమంటావు?" అన్నాడు రంగరాజులు విసుగ్గా. "మొదటి శనివారం నువ్వే పెట్టుకో. ఇంతటితో విడిచిపెట్టు."

"స్వామితో పాటు నువ్వూ రావాల. జెసింత చేత్తో తీర్థం తీసుకోవాల. దేవకి చూస్తా ఉండాల."

"అది జరిగే పని కాదు."

"అయితే స్వామిని కూడా మా గడప దాకా తేవద్దు."

మూడేళ్ళుగా రమ్మని నేను దండం పెట్టింది ఆయనకే. పటంలో ఉన్న స్వామి వైపు చూడలేకపోయాను.

బాలచంద్రన్ మెల్లిగా అన్నాడు, "నేను వస్తానన్నా. నేను తీర్థం తీసుకుంటాను."

"రాప్పా, వద్దనను. మా పిల్లను మాట అనింది మాత్రం రంగరాజులన్న," అని ఆయనకు ఎదురుగా చాప మీద కూర్చున్నాను.