ఎముకల గుడిలో కొత్త సున్నం

లింద రోట్లో వెల్లుల్లి, కొత్తిమీర, రాళ్ళుప్పు వేసి దంచుతోంది. ఆ పచ్చటి ముద్ద మీద ఆలివు నూనె పోసి, మరిగే నీళ్ళు పోసి, నిన్నటి రొట్టె తుంచి వేస్తే నాన్నకు మధ్యాహ్నం భోజనం సిద్ధమైనట్టే. చివర్లో ఒక గుడ్డు కూడా వెయ్యాలి. గుడ్డు పగలగొట్టేటప్పుడు లింద మొహం పక్కకు తిప్పుకుంటుంది. సొనలో ఎర్రటి చుక్క కనిపిస్తే ఇక ఆ పూట ఆమెకు తిండి సహించదు.

ఇది ఊరంతా ఎరిగిన సంగతే. కోడి ఈకలు పీకమంటే కక్కుకుంటుంది. పందిని కోసే రోజున తలుపు గడియ పెట్టుకుని లోపల కూర్చుంటుంది. "బెల్మీరు కూతురికి దేవుడు ముక్కొక్కటే పెట్టి మిగతావన్నీ మర్చిపోయాడే" అని రేవు దగ్గర ఆడవాళ్ళు నవ్వుకుంటారు.

అలాంటి లింద సోమవారం వాళ్ళమ్మ ఎముకలు కడగాలి.

ఆ ఊళ్ళో సమాధుల దొడ్డి చిన్నది. ఏడేళ్ళు నిండితే గొయ్యి తవ్వి ఎముకలు పైకి తీస్తారు. ఆడపిల్ల దగ్గరుండి వాటిని వైనుతో కడిగి, తన చేత్తో కుట్టిన తెల్లగుడ్డలో చుట్టి, దొడ్డి గోడలో తమ ఇంటివాళ్ళ గూట్లో పెట్టాలి. చలికాలమంతా లింద ఆ గుడ్డకు అంచు కుట్టింది. కుడుతూ కుడుతూ లేచి పెరట్లోకి పరుగెత్తిన రోజులున్నాయి. కానీ తప్పదు. పోయే ముందు అమ్మ ఎతెల్వీన ఆమె మణికట్టు పట్టుకుని చెప్పింది: "నన్ను మా అమ్మ పక్కన పెట్టు. ఆ సన్యాసుల ఎముకల గుళ్ళోకి మాత్రం తోలకండే, అంతమంది మగాళ్ళ మధ్య నాకు నిద్ర పట్టదు. కడిగేది మాత్రం నువ్వే. ఏడుస్తావో, కక్కుతావో, నువ్వే కడుగు."

సరేనంది లింద. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది, ఎవరి ఎముకలైనా చివరికి చేరేది గూటికే కదా.

"ఏమేవ్, ఇంకా దంచుతూనే ఉన్నావా?" అంటూ జెర్త్రూదమ్మ లోపలికొచ్చింది. ఆమె లిందకు జ్ఞానతల్లి. జ్ఞానస్నానం నాడు లిందను ఎత్తుకున్నది ఆమే. ఎముకల గుడి తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతుంటుంది. "పద, గుడికి పోయొద్దాం. నీకొకటి చూపించాలి."

"నేను రాను జ్ఞానమ్మా. నీకు తెలుసుగా."

"తెలుసు. మొదటి సత్ప్రసాదం నాడు ఫాదర్‌గారి చెప్పుల మీద కక్కావు. పాపం, ఆయన ఇప్పటికీ నిన్ను చూస్తే కాళ్ళు వెనక్కి లాక్కుంటాడు."

"నాన్న భోజనానికొచ్చే వేళయింది."

"మీ నాన్న పనిచేసేది అక్కడేగా. చూస్తే నువ్వే నా చెయ్యి ముద్దుపెట్టుకుంటావు. జ్ఞానతల్లి పిలిస్తే రానంటావటే?"

లింద రోటి మీద పళ్ళెం బోర్లించి, చేతులు తుడుచుకుని బయలుదేరింది.

మొన్న చలికాలం వానలకు గుడిలో బలిపీఠం పక్క గోడ కొంత కూలింది. దాన్ని కట్టే పని తాపీమేస్త్రీ బెల్మీరుకు అప్పగించారు. వాళ్ళు వెళ్ళేసరికి అతను లేడు, సున్నం బకెట్టు మీద తడి గోనె కప్పి ఉంది.

లోపల అడుగు పెట్టగానే వాసన కొట్టింది. పాత మైనం, చెమ్మ, ఎలకల కంపు, వాటన్నిటి కింద ఇంకేదో తియ్యటి మురుగు. లింద నోటితో ఊపిరి పీల్చింది. అప్పుడు ఆ వాసన నాలుక మీదికి వచ్చింది. నేల నుంచి కప్పు దాకా పుర్రెలు, వాటి మధ్య కట్టెలు పేర్చినట్టు తొడ ఎముకలు. మూడొందల ఏళ్ళ కింద సన్యాసులు తమ ముందటి సన్యాసులను ఇలా గోడకెక్కించారు. చేతికందే ఎత్తులో ఉన్న పుర్రెల నుదుళ్ళు జనం రుద్ది రుద్ది అరిగిపోయాయి, వాడిన సబ్బు ముక్కల్లా జిడ్డుగా మెరుస్తున్నాయి. తలనొప్పి వచ్చినవాళ్ళు నుదురు రుద్దుతారు, పంటి నొప్పి వచ్చినవాళ్ళు దవడ రుద్దుతారు. ఒక కంటి గుంతలో సాలీడు గుడ్ల సంచి తెల్లగా ఉబ్బి ఉంది. లింద దాన్ని చూడకూడదనుకుంటూనే చూసింది.

జెర్త్రూదమ్మ చేతిరుమాలు కొసను నోట్లో పెట్టుకుని తడిచేసి, చంటిపిల్ల ముక్కు తుడిచినట్టు ఒక్కో పుర్రెనూ తుడుచుకుంటూ నడిచింది. "ఈయన మంచాయన. ఇదిగో, ఈయనకు దుమ్మంటే గిట్టదు." వెనక్కి తిరిగి లిందను చూసి, "చెమటలు పోస్తున్నాయే తల్లీ" అంటూ అదే రుమాలుతో ఆమె పెదవి మీద తుడిచింది.

లింద గొంతులోకి పుల్లటి నీళ్ళు ఎగదన్నాయి. మింగేసింది.

"ఇప్పుడు చూడు."

బలిపీఠం పక్కన గోడ కొత్తగా తెల్లగా ఉంది. పాత పసుప్పచ్చ పుర్రెల మధ్య ఒకటి గోధుమరంగుగా ఉంది, దాని చుట్టూ సున్నం ఇంకా తడిగా ఉంది. ముక్కు గుంతలో కాస్త ఎర్రమన్ను ఇరుక్కుని ఉంది. పై వరసలో కుడిపక్క పన్ను సగానికి విరిగి ఉంది.

ఆ పన్ను లిందకు తెలుసు. అమ్మ బాదంకాయ కొరికి విరగ్గొట్టుకున్న పన్ను అది. ఆ తర్వాత నవ్వినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకునేది.

"గుర్తుపట్టావా?" జెర్త్రూదమ్మ మొహం వెలిగిపోయింది. "వానకు కొన్ని పుర్రెలు పిండైపోయాయమ్మా. ఖాళీ ఎలా నింపాలా అని ఫాదర్‌గారు తల పట్టుక్కూర్చున్నారు. మా ఎతెల్వీనను తీసే రోజొచ్చింది, ఆమెను పెట్టండి అన్నాను. బలిపీఠం పక్కన! రోజూ పూజ! ఏ మహారాణికి దక్కుతుంది చెప్పు. నిన్న పొద్దున్నే తీయించాం. సాయంత్రానికి మీ నాన్న పెట్టేశాడు. ఎంత నీటుగా పెట్టాడో చూడు."

లింద ఆ ముక్కు గుంతలోని మన్ను వైపు చూసింది. "కడిగారా?"

"తవ్వేవాడు చీపురుతో దులిపాడులే. సున్నం తగిలితే ఏదైనా శుద్ధే."

"మిగతావి?"

"అదుగో, ఆ పక్క గదిలో గోనెసంచిలో. సోమవారం ఆ స్తంభానికి వాడతాడు మీ నాన్న. అమ్మకు ముద్దు పెట్టవే. ఓర్తెన్స పొద్దున పంటి నొప్పితో వచ్చి దవడ రుద్ది పోయింది, నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందట."

లింద చూసింది. విరిగిన పంటి పక్కన, దవడ మీద ఎవరిదో వేలి జిడ్డు అప్పుడే మెరుస్తోంది. ఆమె బయటికి పరుగెత్తి, గోడకు చెయ్యి ఆన్చి, కడుపులో ఉన్నదంతా కక్కేసింది. వెనక నుంచి జెర్త్రూదమ్మ గొంతు వినిపించింది. "అందుకేనే నీకు ముందు చెప్పలేదు! చెప్పుంటే ఈ మాత్రమైనా జరిగేదా!"

ఇంటికొచ్చేసరికి బెల్మీరు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. తనే నీళ్ళు కాచుకుని రోట్లోది గిన్నెలో కలుపుకుని, రొట్టె తుంచి వేసుకుంటున్నాడు. గోళ్ళ సందుల్లో సున్నం తెల్లగా ఉంది. ఆ చేతులు రొట్టెను నొక్కుతుంటే లింద గుమ్మంలోనే ఆగిపోయింది. చిన్నప్పుడు ఆ చేతులతోనే ఆమె నోట్లో ముద్దలు పెట్టాడు.

"వచ్చావా? చూపించిందా?" అన్నాడు, తల ఎత్తకుండా.

"ఆ చేతులు కడుక్కున్నావా నాన్నా?"

"కడిగాను. సున్నం ఓ పట్టాన పోదు." ఒక చెంచా నోట్లో పోసుకున్నాడు. నూనె గడ్డం మీదికి కారింది. "కూర్చో, తిను."

"నీ చేతులు పడ్డది నేను తినను."

అతను చెంచా ఆపాడు. "చూడు లిందా, కోడి చస్తేనే మంచం పడతావు. వాళ్ళమ్మ ఎముకలు ఇదేం కడుగుతుందమ్మా అన్నాను జెర్త్రూదుతో. ఆవిడ ఈ దారి చెప్పింది. నీకు ఆ బాధ తప్పిద్దామనే. పైగా..." గడ్డం మీది నూనె తుడుచుకున్నాడు. "పైగా నాకు పనిలో కళ్ళెదురుగా ఉంటుందనుకున్నా. ఏడేళ్ళయింది. మొహం మర్చిపోతున్నానే."

"అది మొహమా నాన్నా?"

అతను చెంచా బల్ల మీద పెట్టాడు.

"ఊళ్ళో వాళ్ళంతా ఉమ్ము చేతులతో దవడ రుద్దుతున్నారు. ముక్కులో మన్ను అలాగే ఉంది. గోడలో పెట్టేటప్పుడు ఆ మన్నైనా తీయాలనిపించలేదా నీకు?" లింద గొంతు పెద్దది కాలేదు. "నాకు అసహ్యమే. కడిగేటప్పుడు కూడా అసహ్యం వేసేది. కక్కుకుంటూనే కడిగేదాన్ని. అమ్మ నన్నే కడగమంది. ఆ గుళ్ళోకి మాత్రం తోలొద్దంది. అంతమంది మగాళ్ళ మధ్య నిద్ర పట్టదంది."

"ఎప్పుడంది?"

"పోయే ముందు. నువ్వు పొరుగూరి పనిలో ఉన్నావు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడక్కుండా ఈ పని చేస్తావని నాకేం తెలుసు?"

బెల్మీరు గిన్నె వైపు చూశాడు. రొట్టె ముక్కలు నీళ్ళకు ఉబ్బి మెత్తగా తేలుతున్నాయి. తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు, ముందువైపూ వెనకవైపూ. నీళ్ళ గోలెం దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా కడిగాడు. గోళ్ళ సందుల్లో కత్తి మొన పెట్టి సున్నం గీకాడు. ఒక వేలు తెగి నెత్తురు వచ్చినా ఆపలేదు. లింద ఈసారి మొహం తిప్పుకోలేదు.

ఇవాళ సున్నం ఇంకా పచ్చిగానే ఉంటుంది. రేపటికి బిగుసుకుంటుంది. ఆ సంగతి మేస్త్రీ కూతురికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అతను సన్న ఉలి ఒకటి ఏరి జేబులో పెట్టుకున్నాడు. ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని, టోపీ కూడా మర్చిపోయి, గుడి దారి పట్టాడు.