ఫైర్‌ప్లేసుకు తడక

కెనడాలోని బర్నబీలో కొన్న ఇంట్లో కమలకుమారి గారికి లొంగనిదంటూ ఉంటే అది హాలులోని ఫైర్‌ప్లేసు ఒక్కటే. పొగగొట్టం ఎప్పుడో మూసేశారు కనక నిప్పు వేయడానికి లేదు. ఇటుకలు పీకించడానికి భర్త శంకర్ గారు ఒప్పుకోరు. కొన్నాళ్లు అందులో బియ్యం బస్తాలు పెట్టి చూశారు, అదీ బాగోలేదు. దసరాకు పాతికమంది భోజనానికి వస్తున్నారు. వాళ్లంతా ఆ నల్లటి బిలానికి ఎదురుగా కూర్చుని తినాలా అని ఆవిడ బెంగ.

ఆ బెంగ చూడలేకనే, కింది గదిలో అద్దెకుంటున్న చరిత తాను ఏదైనా చేసి పెడతానన్నది. ఆ పిల్లకు కొండ మీది యూనివర్సిటీలో చదువు, సాయంత్రాలు కాఫీ షాపులో పని. 2022లో ఇండియా నుంచి వచ్చిన పిల్లలతో ఊరు నిండిపోయి, అద్దెకు గది దొరకడమే గగనమైంది. అప్పుడు పిలిచి గది ఇచ్చింది కమలకుమారి గారే. మీ వాళ్లేం చేస్తారని ఆవిడ అడిగితే చరిత బిజినెస్ అని చెప్పింది. అలా చెప్పమన్నది తల్లి ఈశ్వరమ్మ. మేదరోళ్లమని అక్కడెవరికీ చెప్పకు, తట్టలల్లే ఇంటి పిల్లంటే చులకన చేస్తారని విమానం ఎక్కించేటప్పుడు మరీ మరీ చెప్పి పంపింది.

ఇంటి వెనక సందులో ఒకాయన, కంచె దాటి పాకిన వెదుళ్లను నరికించి బయట పడేశాడు. అన్నీ పచ్చివి, నిటారుగా పెరిగినవి. చరిత రెండు రోజులు చూడనట్టే నడిచి వెళ్లింది. మూడో రోజు చేతులు ఊరుకోలేదు. గ్యారేజీలోని కత్తి అడిగి తీసుకుని, బొంగులను నిలువునా చీల్చి, బద్దలు తీసి, ఆ బద్దల నుంచి పలుచని పేళ్లు తీసింది. పదేళ్ల వయసు నుంచి చేసిన పని, వేళ్లు ఏదీ మరిచిపోలేదు. సగం పేళ్లను టీ డికాక్షన్‌లో నానబెట్టి, పచ్చదానికీ గోధుమరంగు దానికీ జత కలిపి, ఫైర్‌ప్లేసు కమానుకు సరిగ్గా అతికినట్టు తడక అల్లింది. వారం పట్టింది. ఎక్కడ నేర్చుకున్నావని కమలకుమారి గారు ఆశ్చర్యపోతే, యూట్యూబ్‌లో చూశానన్నది.

పండగనాడు తడక వెనక చిన్న లైటు పెట్టారు. వచ్చినవాళ్లు కూరలు కూడా చూడకుండా దాని చుట్టూ చేరారు. సరోజన గారైతే ఎక్కడ కొన్నారో చెప్పేదాకా కదలనన్నారు. కమలకుమారి గారు తానే అల్లినంత గొప్పగా, "కొనడమేంటండీ, మా చరిత చేసింది. యూట్యూబ్ చూసి నేర్చుకుంది," అన్నారు.

ఆ మాటకు చరితకు అమ్మ చేతులు గుర్తొచ్చాయి. పేళ్లు గీరుకుని గీరుకుని ఈశ్వరమ్మ వేలిముద్రలు అరిగిపోయాయి, రేషన్ షాపులో మిషను కూడా ఆమెను గుర్తుపట్టదు. అటువంటి మనిషి పనితనాన్ని తాను ఒక ఫోనుకు ధారపోసింది.

"యూట్యూబ్ కాదు ఆంటీ," అన్నది. తల దించలేదు. "మా అమ్మ నేర్పింది. మేం మేదరోళ్లం. మా ఇంట్ల అందరం ఇదే పని చేస్తం."

ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. చూసుకుంటే చూసుకున్నారు. కమలకుమారి గారు మాత్రం తనకెందుకు అబద్ధం చెప్పావని నొచ్చుకుని, ఇంతకీ మీ అమ్మకు చూపించావా అని అడిగారు. లేదని తెలిసేసరికి, ఇప్పుడే వీడియో కాల్ చెయ్యమని పట్టుబట్టారు.

అక్కడ అప్పుడే తెల్లారింది. కూతురి వెనక పట్టుచీరల్లో అంతమందిని చూసి ఈశ్వరమ్మ గబగబా కొంగు సర్దుకుంది. చరిత ఫోనును తడక వైపు తిప్పింది. ఈశ్వరమ్మ దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మాటలు కూడబలుక్కుంటూ, "మంచిగున్నదండి. మా పిల్ల ఫోన్ల సూసి నేర్సుకున్నట్టున్నది. మాకైతే ఇసొంటియి రావు," అన్నది.

చరిత కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మా, చెప్పేసిన. నువ్వే నేర్పినవని అందరికి చెప్పిన."

ఈశ్వరమ్మ పక్కకు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుని, మళ్లీ ఫోనుకు దగ్గరగా వచ్చింది. ఈసారి గొంతు ఇంట్లో గొంతే.

"చెప్పినవా? గట్లయితే ఆ కుడిమూల కట్టు వదులున్నది, ఇప్పి మళ్ల కట్టు. నా పేరు చెప్పినంక పని గట్లుండొద్దు."