ఏడు రాళ్లు, ఒక మరమేకు

తెల్లారేసరికి ఆమె సగం రన్‌వే ఊడ్చేసింది. నడుం వంచితే లేవడం కష్టమవుతోందని ఈమధ్య చీపురుకు పొడుగు కర్ర కట్టుకుంది. అయినా రాయి కనబడితే వంగక తప్పదు. ఏరిన ప్రతి రాయినీ నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకుంటుంది. భర్త పోయిన ఏడాది ఈ పనిలో చేరింది, పందొమ్మిదేళ్లయింది. ఇద్దరు కూతుళ్లనూ ఈ చీపురుతోనే గట్టెక్కించింది. విమానం నడపడం నేర్చుకునే పిల్లలంతా ఆమెను రన్‌వే అత్త అంటారు. ఎప్పుడైనా విమానం ఎక్కావా అని అడిగితే, "నేను ఎక్కితే కింద ఎవరు ఊడుస్తార్రా?" అని నవ్వేస్తుంది.

మిగతా సగమూ ఊడ్చి, తొమ్మిదింటికి షెడ్డు నీడలో టీ తాగుతుంటే తెల్లటి చిన్న విమానం దిగడానికి వచ్చింది. లోపలున్నది ఒక్క అమ్మాయే. ఒంటరిగా నడపడం ఆ పిల్లకిది మూడోసారి.

చక్రాలు నేలను గట్టిగా కొట్టాయి. విమానం బంతిలా ఎగిరి మళ్లీ పడింది. ముందు చక్రం టైరు పేలింది. రెక్క నేలను రాసుకుంటూ పక్కకు ఈడ్చుకుపోయి, విమానం గడ్డిలో తిరగబడింది.

టీ గ్లాసు ఎక్కడ పడేసిందో ఆమెకే తెలియదు. మంటలార్పే బండి కంటే ముందే చేరుకుంది. పెట్రోలు వాసన గుప్పుమంటోంది. అమ్మాయి బెల్టుకు తలకిందులుగా వేలాడుతోంది.

"నా మెడ పట్టుకో తల్లీ," అని భుజం ఆనించి, బెల్టు విప్పి బయటికి లాగింది.

అదృష్టం, మంట అంటుకోలేదు. అమ్మాయిని ఆసుపత్రి బండి ఎక్కిస్తుండగా పెద్ద శిక్షకుడు ఆమె దగ్గరికొచ్చాడు.

"టైరు కింద రాయి పడిందేమో. పొద్దున సరిగ్గా ఊడ్చావా?"

ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"ఊడ్చానయ్యా."

అనేసింది గానీ తన మీద తనకే నమ్మకం చాలలేదు. షెడ్డు వెనక్కి వెళ్లి సంచి దులిపింది. ఏడు రాళ్లు, ఒక మరమేకు. ఎనిమిదో రాయి ఎక్కడైనా మిగిలిపోయిందా? కళ్లు ఈమధ్య మసకబారుతున్న మాట ఎవరికీ చెప్పలేదు.

మూడింటికి అమ్మాయి చేతికి కట్టుతో తిరిగొచ్చింది. పెద్ద శిక్షకుడు నివేదిక రాస్తున్నాడు. అత్తను కూడా పిలిపించి తలుపు దగ్గర నిలబెట్టారు.

"రాయి కాదు సార్," అంది అమ్మాయి. "ఇంకా ఎత్తులో ఉండగానే ఇంజను తగ్గించేశాను. నేలకు తగిలి ఎగిరినప్పుడు మళ్లీ పైకి లేపాల్సింది. భయపడి విమానం ముక్కు కిందికి నొక్కాను."

"ఇది రాస్తే నిన్ను మళ్లీ నడపనివ్వకపోవచ్చు."

"తెలుసు సార్. జరిగిందే రాయండి."

బయట వరండాలో ఆమె అమ్మాయిని ఆపి, "ఎందుకమ్మా నీ పొట్ట నువ్వే కొట్టుకున్నావు?" అంది.

"పొద్దున ఆయన నిన్ను అడుగుతుంటే విన్నాను అత్తా."

నాలుగింటికి నాన్న కారులో అమ్మాయి వెళ్లిపోయింది. ఒక విమానం పైకి లేస్తుంటే, గేటు దాటేదాకా కిటికీలోంచి దాన్నే చూసింది.

పొద్దుగూకే వేళ, విరిగిన విమానాన్ని షెడ్డులోకి లాక్కొచ్చాక, అద్దం ముక్కలు ఊడ్చడానికి ఆమె లోపలికి వంగింది. తను లాగినప్పుడు కాలి నుంచి జారిన అమ్మాయి బూటు ఒకటి పెడలు కింద ఇరుక్కుని ఉంది, పొద్దున వేసుకున్న రెండు లేసు ముళ్లూ వీడకుండా.