సిలువ మోపినవాళ్లు

“ఎవురి సిలువ వాళ్లు మోయల్ల మ్మే. ఏడిస్తే తీరేది కాదు,” అంది మా అత్త వరమ్మ. ఆ మాట అన్నది నాతో కాదు, తన కూతురు విశ్వాసమ్మతో. కట్టు కట్టిన ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తోనే చేట పట్టి కొర్రబియ్యం చెరగబోయి సగం నేలపాలు చేసింది ఆ పిల్ల. కందిబేడల్లో రాళ్లు ఏరుతున్న నేను లేచి, ఒలికిన గింజలు ఎత్తి, చేట నా ముందుకు లాక్కున్నాను. ఆ రోజు శుభ శుక్రవారం. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు, అప్పటికే నేల కాలుతోంది.

ఆ మాట నాకు కొత్త కాదు. పెళ్లయి వచ్చిన కొత్తలో మైలు దూరం నుంచి రెండు కడవల నీళ్లు మోసుకొచ్చి, నడుం పట్టేసి కూలబడినప్పుడు మొదటిసారి విన్నాను. నా రెండో బిడ్డ జ్వరంతో పోయినప్పుడు విన్నాను. పప్పులో ఉప్పెక్కువైందని మా ఆయన కంచం విసిరికొడితే, మెతుకులు ఏరుకుంటూ విన్నాను. మా ఆయన ఏసన్న ఈ ఊరి సంఘానికి ఉపదేశి. ఆయనకూ ఏదో ఒక సిలువ ఉండే ఉంటుందని ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను. తలపాగా తప్ప ఆయన తల మీద ఏ బరువూ నాకు కనపడలేదు. చెడ్డమనిషని అనను. జబ్బుపడ్డవాళ్ల ఇంటికి ఎంత దూరమైనా నడిచిపోయి ప్రార్థన చేసి వస్తాడు. ఆయన తిరిగి వచ్చేసరికి కాళ్లకు నీళ్లు సిద్ధంగా ఉండాలి, అంతే. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో ఆయన ఎప్పుడూ అడగలేదు.

మా సంఘంలో నలభై ఇళ్లు. శుభ శుక్రవారం నాడు పసిపిల్లలు తప్ప అందరూ ఉపవాసం ఉంటారు. పగలు పన్నెండు నుంచి మూడు దాకా గుడిలో ఏసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఉపదేశం నడుస్తుంది. అది ముగిశాక అందరికీ ఉపదేశి ఇంట్లోనే కొర్రన్నం, పప్పు. ఈ ఆచారం ఎవరు పెట్టారో తెలియదు కానీ, పెట్టినవాడు పొయ్యి ముందు కూర్చున్నవాడు మాత్రం కాదు. గుడి గోడకు ఆనుకునే మా వంట పంచ ఉంటుంది. ఆ ఏడు మాటలే నాకు గడియారం. మొదటి మాటకు పొయ్యి రాజేస్తాను. రెండో మాటలో పక్క సిలువ మీది దొంగకు పరదైసు దొరికేసరికి బేడలు ఉడుకు పట్టాలి. ఐదో మాట కాగానే ఎసట్లో కొర్రలు పడాలి. ఏడో మాటలో ఆయన తన ఆత్మను తండ్రికి అప్పగించేసరికి అన్నం దించాలి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కుదురుగా కూర్చుని ఆ ఏడూ వినలేదు. ఊదుగొట్టం పక్కన పెట్టినప్పుడల్లా గోడ అవతలి నుంచి తునకలు తునకలుగా విన్నవే.

ఒక్క ఐదో మాటను మాత్రం ఎదురుగా నిలబడి వింటాను. దప్పిక అవుతోందని ఏసు అన్న మాట అది. అప్పటికి మా ఆయన గొంతు ఆరిపోతుంది. నేను చెంబుతో నీళ్లు తీసుకుని లోపలికి వెళ్లి, ఆయన తాగి ఇచ్చేదాకా నిలబడాలి. నిలబడి ఆలోచించేదాన్ని. ఈ సీమలో పుట్టినదానికి దప్పిక అంటే ఏమిటో ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు. వానలూ నదులూ తన చేతిలో ఉన్నవాడు గుక్కెడు నీళ్ల కోసం నోరు తెరిచి అడిగే దశకు దిగి వచ్చాడే, అది కూడా ఎవరో బలవంతం చేస్తే కాదే, తానే వచ్చాడే అనుకుంటే నాకు కళ్లు నిండిపోయేవి. మా అమ్మ పోయాక నన్ను ప్రేమించినవాళ్లు ఎవరంటే తడుముకుంటాను కానీ, ఏసు ప్రేమించాడన్న సంగతిలో నాకు ఏనాడూ అనుమానం రాలేదు. మేకులు దిగిన మనిషి అబద్ధం ఆడడు. చెంబు తీసుకుని బయటికొచ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుని, ఎసరు చూసుకునేదాన్ని.

విశ్వాసమ్మ మూడు వారాల కిందట వచ్చింది. బేతంచెర్ల నుంచి పన్నెండు మైళ్లు నడిచి వచ్చింది. ఆమె మొగుడు ఏసురాజు అక్కడ నాపరాళ్ల గనిలో పనిచేస్తాడు. నీళ్ల దగ్గర పడ్డానని మాతో చెప్పింది. మేం నమ్మాం, లేక నమ్మినట్టు ఉన్నాం. కట్టు కట్టడానికి వచ్చిన బుడేన్ సాహెబ్ ఈ చుట్టుపక్కల ఊళ్లకంతా ఎముకల వైద్యుడు. కళ్లు మూసుకుని వేళ్లతో ఆమె ముంజేయి తడిమి, వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుట్టి, మా ఆయన దూరంగా ఉన్నప్పుడు నాతో నెమ్మదిగా అన్నాడు. “పడితే మణికట్టు కాడ ఇరుగుతాదమ్మా. ఇది నడిమిన ఇరిగింది. కట్టె మీదికొస్తాంటే తలకు అడ్డం పెట్టుకుంటే ఇట్ల ఇరుగుతాది. నలభై దినాలు బరువెత్తనీయాకండి.” ఆ తర్వాత ఆ పిల్ల నా దగ్గర దాచలేదు. అన్నం ఆలస్యమైందట, పొయ్యిలో కట్టె తీసుకున్నాడట. పెళ్లయిన మూడేళ్లలో ఇది ఎన్నోసారో చెప్పబోయి ఆపేసింది.

నలభై దినాలు కాలేదు, ఇరవై ఒకటే అయ్యాయి. ఏసురాజు కబురు పంపాడు, శుక్రవారం గుడికి వస్తాను, పెండ్లాన్ని పంపండి అని. మా ఆయన ముఖం వెలిగిపోయింది. “సూడు, దేవుడు ఎంత మంచి దినం సూసినాడో! సిలువ దినం నాడు క్షమించకపోతే ఇంగెప్పుడు క్షమిస్తాది? ఏడో మాట కాంగానే సంఘం ముందర ఇద్దరి చేతులు కలిపి పంపిస్తా,” అన్నాడు. ఆ ఇరిగిన చేతినా అని అడగాలనిపించింది. మా అత్త గోడ వైపు తిరిగి కూర్చుంది. విశ్వాసమ్మ మాత్రం, “వదినా, ఈసారి పోతే నేను తిరిగి రాను,” అంది. అక్కడే ఉండిపోతానని కాదు ఆమె అన్నది.

గురువారం సాయంకాలం మా ఆయనకు వాక్యం చదివి వినిపించాను. ఆయన చూపు మందగించి నాలుగేళ్లయింది, ఆ సంగతి సంఘానికి తెలియదు. నేను కర్నూలులో మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ప్రతి ఏడూ నేను చదువుతాను, ఆయన ఒకసారి విని మనసులో పెట్టుకుంటాడు, మర్నాడు కళ్లెదుట పుస్తకం తెరిచిపెట్టుకుని చెబుతాడు. ఆయన జ్ఞాపకశక్తిని ఊరంతా మెచ్చుకుంటుంది. నేనూ మెచ్చుకుంటాను. కానీ ఆ రోజు చదువుతుంటే నా వేలు ఒక చోట ఆగింది. సిపాయిలు ఏసును కొట్టి, నవ్వి, ఆ తర్వాత కదా సిలువ మోయించారు! ఆయన మోయలేకపోతుంటే చేను దగ్గర నుంచి వస్తున్న ఎవరో మనిషిని పట్టుకుని మోయించారు. ఇన్నిసార్లు చదివాను, ఇది ఎందుకు తట్టలేదు? ఏసు ఎవరి భుజం మీదా సిలువ పెట్టలేదు. ఇంకొకరి మీద సిలువ పెట్టే పని చేసింది ఆ కొరడాల వాళ్లు మాత్రమే.

ఇంకా కొంచెం ముందుకు చదివితే మూడో మాట వచ్చింది. మా ఆయన దాన్ని ప్రతి ఏడూ తల్లిదండ్రులకు విధేయులై ఉండాలని చెప్పి గబగబా దాటేస్తాడు. నేను మాత్రం ఆ రోజు అక్కడే ఆగి, ఆ మాటను మనసులో మళ్లీ చదువుకున్నాను. ఊపిరి అందని నొప్పిలో, లోకమంతటి పాపం నెత్తిన పెట్టుకుని ఉన్న ఘడియలో, ఏసు కిందికి చూసి, రేపటి నుంచి మా అమ్మ ఎవరింట్లో ఉంటుంది అని ఆలోచించాడు. శిష్యుణ్ణి పిలిచి తల్లిని అప్పజెప్పాడు. లోకాన్ని రక్షించే పని మధ్యలో ఒక ఆడమనిషికి ఒక ఇల్లు చూపించడం కూడా ఆ పనిలో భాగమే అనుకున్నాడు. ఎంత గొప్పవాడు! ఇంత ప్రేమ ఉన్నవాడి పేరు చెప్పి మనం ఏం చేస్తున్నాం అని నాకు సిగ్గేసింది. “ఏమే, ఆపితివే? సదువు,” అన్నాడు మా ఆయన. చదివాను.

శుక్రవారం పన్నెండుకు గంట కొట్టారు. ఏసురాజు ఉతికిన చొక్కా తొడుక్కుని, తలకు నూనె పెట్టుకుని వచ్చి మగవాళ్ల వరసలో ముందు కూర్చున్నాడు. చూస్తే పాపం తెలియని ముఖం. విశ్వాసమ్మను ఆడవాళ్లలో ముందు కూర్చోబెట్టారు, అందరికీ కనపడేట్టు. నేను పొయ్యి రాజేశాను. మొదటి మాట, క్షమాపణ గురించి. అంతసేపు మా ఆయన ఆ మాట మీద ఎన్నడూ నిలవలేదు. గోడ ఇవతల నుంచే నాకు తెలుస్తోంది, ఆయన గొంతు ఎటు తిరిగి ఉందో. ఏడుస్తున్నదానితో క్షమించు క్షమించు అని గంటసేపు చెబితే అది ఉపదేశమా, ఉచ్చా? బేడలు ఉడుకు పట్టాయి. మూడో మాట ఎప్పటిలాగే గబగబా పోయింది.

ఐదో మాటకు చెంబు తీసుకుని లోపలికి వెళ్లాను. ఆయన తాగి ఇచ్చాడు. నేను బయటికి రాలేదు. వెళ్లి విశ్వాసమ్మ పక్కన చాప మీద కూర్చున్నాను. మా ఆయన ఒక్క క్షణం తడబడి ఆరో మాట అందుకున్నాడు. వంట పంచలో కొర్రలు వేయాల్సిన ఎసరు మరిగి మరిగి ఇగిరిపోయింది, పప్పు అడుగంటింది. ఆ మాడు వాసన గుడిలోకి వచ్చింది. ఆడవాళ్లంతా నా వైపు చూశారు. నేను కదల్లేదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆరో మాటా ఏడో మాటా కూర్చుని విన్నాను. మా ఆయన బాగా చెప్పాడు, ఆ సంగతి ఒప్పుకోవాలి.

ప్రార్థన కాగానే ఆయన చెయ్యి చాచాడు. “విశ్వాసమ్మా, లెయ్. ఏసురాజూ, ఇట్ల రాప్పా.”

ఆమె లేవబోతుంటే నేను ముందు లేచాను. “ఒక్క మాటప్పా,” అన్నాను. మా గుడిలో ఆడవాళ్లు పాట పాడతారు, ఆమేన్ అంటారు. అంతకు మించి వాళ్ల గొంతు ఎవరూ విని ఉండరు.

సంఘపెద్ద తిమ్మన్న అందుకున్నాడు. “ఉపదేశీ, ఆడది సంఘంలో మాట్లాడేదేంది?”

“ఉండు తిమ్మన్నా,” అంది వెనక నుంచి మా అత్త. “మాట్లాడనీ.” ఆ గొంతు ఆమెదేనా అని నేను వెనక్కి తిరిగి చూడాల్సి వచ్చింది.

“ఏసయ్య భుజం మీద సిలువ పెట్టిందెవరప్పా?” అని మా ఆయన్ను అడిగాను.

“సిపాయిలు,” అన్నాడు ఆయన, బడిలో పిల్లవాడిలా వెంటనే.

“మోసింది ఏసయ్య, మోపింది సిపాయిలు. మనం మూడు వారాల నుంచి ఈ పిల్ల మీద సిలువ మోపుతాండాం. మనం ఎవురి పక్కన ఉండాం? దేవుడు లోకాన్ని ప్రేమించి ఇంగొకర్ని దెబ్బలకు పంపించల్యా. తానే దిగొచ్చినాడు, తానే తినినాడు. అది ప్రేమ. నీ ఒంటి మీద ఒక్క దెబ్బన్నా పడేది ఉండాదా? ల్యా. దెబ్బలు ఈమెకి, మంచిపేరు మనకి. సిలువ మీద నుంచి కూడా ఆయన తల్లికి ఇల్లు చూపించినాడే, మనం ఈమెకుండే ఇల్లు కూడా తీసేస్తాండాం.”

నా మనసు తేలికైంది. మా ఆయన కోప్పడతాడనుకున్నాను. ఆయన కోప్పడలేదు. చూపు ఆనని కళ్లతో నా వైపు వెతుక్కుంటూ, నిజంగా తెలియకే అడిగాడు.

“మరి మొదటి మాట సంగతేంది జ్ఞానమణీ? కొట్టినోళ్లను గూడా క్షమించమన్యాడు గదా ఆయన. అదీ వాక్యమే గదా. క్షమించొద్దంటావా?”

ఆ మాటను నేనూ ప్రేమించాను, కాదనలేను. తిమ్మన్న తలాడించాడు. ఏసురాజు లేచి చొక్కా సర్దుకుని రెండడుగులు ముందుకేశాడు. అంతా అయిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు విశ్వాసమ్మ లేచింది. కట్టు కట్టిన చేతిని కుడిచేత్తో పట్టుకుని, అన్న వైపు కాదు, నా వైపూ కాదు, తిన్నగా మొగుడి ముఖంలోకి చూసింది. పెళ్లయ్యాక ఆమె తల ఎత్తి అతన్ని చూడటం నేనైతే ఎరగను.

“నిన్ను క్షమించినా,” అంది. “మనసారా క్షమించినా. నీ కోసం దినామూ ప్రార్థన చేస్తా. రాను.”