ఏడుకు వచ్చిన కాగితం

పాలకూర రసాన్ని గుడ్డలో వేసి పిండుతున్నాను. మా ఇంట్లో ఏది వడకట్టాలన్నా బ్యాండేజ్ గుడ్డే. మామ సత్రపట్టి బ్యాండేజ్ మిల్లులో బ్లీచింగ్ మేస్త్రీగా ఉన్నంతకాలం అంచు పాడైన ముక్కలు ఇంటికి తెచ్చేవారు. ఆయన పని మానేసినా ఆ ముక్కలు ఇంకా అయిపోలేదు.

పచ్చటి రసం సన్నగా గిన్నెలోకి జారుతోంది. పెరట్లో మామ కొబ్బరి బోండం చెక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. రెండూ అత్తకే. ఈ రెండూ అత్తకు ఇవ్వకూడదని మొన్న డాక్టరమ్మ చెప్పింది. ఇచ్చే ముందు ఏదో ఒకటి అనాలని పిండుతూ పిండుతూ అనుకుంటున్నాను. అయినా చేతులు ఆగడం లేదు.

"సుగంధీ, ఉప్పు వేయలేదు కదా?" మామ పెరట్లోనుంచే అడిగారు.

"లేదు మామా."

"ఉప్పు లేకుండా ఎట్లా తాగేదని మీ అత్త అడిగితే, మామ చెప్పినాడని చెప్పు."

లోపల మంచం మీదినుంచి అత్త అంది. "నేనేమిటికి అడుగుతాను? నన్ను గుడ్డ తాను అనుకుంటా ఉండాడు మీ మామ. తొట్టిలో వేసి ఉడకబెట్టేది ఒకటే బాకీ."

మామ నవ్వారు. అత్త నవ్వలేదు.

అత్త అన్నదాంట్లో అబద్ధం లేదు. పెళ్లయిన కొత్తలో మామ నన్నూ మా ఆయన మహేంద్రన్‌నూ తీసుకెళ్లి మిల్లు చూపించారు. మగ్గం దిగిన గుడ్డ పసుపుగా, జిడ్డుగా ఉంటుంది. దాన్ని కాస్టిక్ సోడాలో ఉడకబెడతారు, తెల్లగా చేస్తారు, మిగిలిన సోడా పోవడానికి కొంచెం యాసిడ్ పెడతారు, ఆ తరువాత కడుగుతారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. కడిగిన నీళ్లలో మామ ఒక సన్నని కాగితం ముంచి దాని రంగు చూసేవారు. పసుపుగా గానీ ఎర్రగా గానీ మారితే యాసిడ్ ఉన్నట్టు, నీలంగా మారితే సోడా ఉన్నట్టు. రెండూ లేవని చెప్పే పచ్చరంగుకు కాగితం పెట్టె మీద అంకె ఏడు. "పుండు మీద వేసే గుడ్డ ఇది. ఏడుకు రాకుండా నా చెయ్యి దాటి పోయింది లేదు," అని ఆ రోజు చెప్పారు. నేను సేత్తూరు బడిలో చదివినదాన్ని. మాకు కాగితం రంగులు పుస్తకంలో బొమ్మగానే చూపించారు. నిజమైన కాగితం మొదట చూసింది మామ చేతిలోనే.

అత్తకు పులితేన్పులు, కాళ్ల వాపు మొదలైనప్పుడు మామ ఫోన్‌లో ఒక వీడియో చూశారు. ఒంట్లో యాసిడ్ పెరగడమే అన్ని రోగాలకూ మూలమని, తిండి మార్చుకుని ఒంటిని ఆల్కలైన్ చేసుకోవాలని ఒకాయన చెప్పాడు. చెప్పి, ఆ సన్నని కాగితమే పైకెత్తి చూపించాడు. ఇంకొకటి ఏది చూపించినా మామ నమ్మేవారు కాదేమో. ఆ కాగితం ఆయనకు తెలిసిన కాగితం.

అప్పటినుంచి అత్త పొద్దున్నే ఒక చిన్న గిన్నెలో మూత్రం పట్టి బాత్రూమ్ గట్టు మీద పెట్టాలి. మామ కాగితం ముంచి కిటికీ దగ్గరకు తీసుకెళ్లి రంగు చూస్తారు. మొదట్లో అత్త సిగ్గుతో నవ్వేది. తరువాత గిన్నె పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేయడం మొదలుపెట్టింది. కాగితం రోజూ పసుపు పక్కకే ఉండేది. యాసిడ్ అన్నారు మామ. కాఫీ ఆగింది, పప్పు తగ్గింది. మా తోట బోండాలు, పాలకూర, అరటి దూట రసం వచ్చాయి. ఎండలో తోటకు పోయి బోండాలు తనే మోసుకొచ్చేవారు. ఎవరినీ పంపేవారు కాదు.

పోయిన వారం కాగితం పచ్చబడింది. మామ దాన్ని ఆరబెట్టి ఇంట్లో అందరికీ చూపించారు. ఆ సాయంత్రం అత్తకు మల్లెపూలు తెచ్చారు.

ఆ వారమే రక్త పరీక్ష జరిగింది. మొన్న ఫలితం చూపించడానికి వెళ్లాం. అత్త కిడ్నీలు బాగా నీరసించాయని మాకు కొంతకాలంగా తెలుసు. డాక్టర్ జెయంతి చిన్న వయసావిడ, అరవంలో నెమ్మదిగా చెప్పింది. కిడ్నీలు పారేయలేక రక్తంలో యాసిడ్ పెరిగిందని, దానికి తినేసోడా మాత్రలు వేసుకోవాలని రాసిచ్చింది. మామ నావైపు తిరిగి "చూసినావా?" అన్నారు. ముఖం వెలిగిపోయింది. ఆవిడ ఇంకా చెప్తూనే ఉంది. పొటాషియం కూడా ఎక్కువగా ఉంది, ఏం తింటున్నారు అని అడిగింది. మామ వరసగా చెప్పారు. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"అవి మంచివే అయ్యా. ఈ అమ్మకు కాదు. అందులో ఉండే పొటాషియాన్ని బయటికి పంపే కిడ్నీ ఈమెకు లేదు. అది రక్తంలో నిలిచిపోతుంది. ఇంకా పెరిగితే ఉన్నట్టుండి గుండె ఆగిపోవచ్చు. ఈ రోజే అన్నీ ఆపేయండి. ఎల్లుండి మళ్లీ రక్తం చూడాలి."

మామ కాగితం సంగతి చెప్పారు. మూత్రం కొంచెం పుల్లగా ఉండటమే మామూలని, ఒంటికి అక్కరలేని పులుపు ఆ దారినే పోతుందని, దాన్ని చూసి రక్తం ఎలా ఉందో చెప్పలేమని ఆవిడ చెప్పింది. మామ తల ఊపారు. బస్సులో మాత్రం "సోడా ఇస్తారంట, బోండం ఎలనీరు వద్దంట. రెండూ చేసేది ఒకటే పని కదా," అన్నారు. మహేంద్రన్‌కు చెబితే, "నాయనతో నేను మాట్లాడలేను, నీ మాటైతే వింటాడు," అని షిఫ్టుకు వెళ్లిపోయాడు.

ఆవిడ చెప్పిన ఎల్లుండి ఈ రోజే. మామ ఆస్పత్రి మాట ఎత్తలేదు. పొద్దున్నే పాలకూర కట్ట తెచ్చి నా ముందు పెట్టారు.

బోండం నీళ్ల గ్లాసుతో మామ వంటింట్లోకి వచ్చారు. నేను రసం గిన్నె మీద మూత పెట్టాను.

"మామా, ఇవి వద్దని చెప్పినారు కదా."

"చెప్పినారు. ఏడుకు వచ్చిందానికి మళ్లీ సూది ఏమిటికి? ఆమె చెయ్యి చూసినావా, ఎంత నల్లబడిందో."

నేను చాలాసేపటినుంచి మనసులో పేర్చుకున్నది అడిగాను. "మిల్లులో కడిగిన నీళ్లలో యాసిడ్ కనబడితే, గుడ్డలోనుంచి అది పోతా ఉందని కదా మామా అర్థం? అది మంచిదే కదా?"

"మంచిదే. పోయేదాకా కడగాల్నా లేదా? నేను కడుగుతానే ఉండాను."

"నీళ్లు పోయే దారి మూసుకుంటే?"

"ఆ దారి తెరిచేదానికే ఇది, పాపా."

గుడ్డను మనం కడుగుతాం, ఒళ్లు తనను తానే కడుక్కుంటుంది, అత్తకు ఆ కడిగేదే పాడైంది. ఇదంతా తెలుస్తూనే ఉంది. అయినా ఆయన ముఖం చూస్తూ గిన్నె మీద మూత సరిచేశాను.

మామ గ్లాసు వైపు చూస్తూ మెల్లగా అన్నారు. "రామలింగను చూసినావు కదా, మా మిల్లులో. డయాలిసిస్ మిషన్ ఎక్కినాడు. ఇంక దిగలేదు. వాని పెళ్లాం వరండాలో బెంచీ మీద కూర్చోనుంటుంది, అంతే. ఆడ నేనేం చేసేది? ఈడైతే నా చేతిలో ఏదో ఒకటి ఉండాది."

"మీరు చేసేదే ఆమెకు చేటు అయితే మామా?"

ఇంత మాట నేను ఆ ఇంట్లో ఎప్పుడూ అనలేదు. మామ కోప్పడలేదు. ఎవరో కొత్త మనిషి మాట్లాడినట్టు నన్ను చూశారు. "ఆమెనే అడుగుదాం," అని వెనక్కి తిరిగారు.

గుమ్మంలో అత్త నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో మేమిద్దరం చూడలేదు. తల దువ్వుకుని, ఊరికి పోయేటప్పుడు కట్టే నూలు చీర కట్టుకుంది. చంకలో సంచి. అందులోనుంచి ఆస్పత్రి ఫైలు అంచు పైకి కనబడుతోంది. ఇన్నాళ్లూ ఆమె రక్తం గురించి డాక్టరమ్మ చెప్పింది, మామ చెప్పారు, ఇప్పుడు నేనూ చెప్పాను. ఆమెను అడుగుదాం అన్న మాట ఆ ఇంట్లో వినడం అదే మొదలు.

"ఇది తాగి పో, కర్పగం," అన్నారు మామ. ఆ గొంతులో ఆజ్ఞ లేదు, అడుగుతున్నట్టే ఉంది.

అత్త గ్లాసు అందుకుంది. రోజూ అలాగే అందుకుని, ఆయన చూస్తుండగా ఒక్క గుక్కలో తాగేస్తుంది. అది మందని కాదు, తెచ్చింది ఆయనని. గ్లాసును కాసేపు రెండు చేతులతో పట్టుకుంది. దాన్ని పొయ్యి గట్టు మీద, నేను మూత పెట్టిన గిన్నె పక్కన పెట్టింది. పైట చెంగుతో మామ చేతికి అంటిన కొబ్బరి పీచు తుడిచింది.

వరండాలోకి వెళ్లి చెప్పులు వేసుకోబోయింది. వాచిన పాదం పట్టీలో దూరలేదు. మామ అలవాటుగా వంగారు. అంతలో అత్తే గోడ పట్టుకుని, పాదాన్ని అటూ ఇటూ తిప్పి దూర్చుకుంది. మామ వంగినవారు వంగినట్టే ఉండిపోయారు.

అత్త మా ఇద్దరినీ ఒకసారి చూసింది. సంచి భుజానికి తగిలించుకుని, మెట్లు దిగి ఆస్పత్రి బస్సు ఆగే వైపు నడిచింది.