మూత తీయని దుర్భిణి

శాలేమురాజు మాస్టారికి పిట్టల పిచ్చి. రేపల్లెలో లెక్కలు చెప్పినంతకాలం, ఆదివారం ఆరాధన అయిపోగానే మెడలో బైనాక్యులర్సు వేసుకుని, భార్య సరోజను స్కూటరెక్కించుకుని అడవులదీవి బురదనేలల మీద పడేవారు. ఆయన చూపించిన పిట్టనల్లా ఆవిడ చూసేది, మెచ్చుకునేది. ముప్పై ఏళ్ళు ఆయన తాన అంటే ఆవిడ తందాన.

ఇప్పుడావిడకు మోకాళ్ళ నొప్పులు. బురదలో నడవలేదు. గట్టు మీద కుర్చీ వేసుకుని దూరాన ఉన్న పిట్టల్ని చూడాలంటే, స్టాండుకు బిగించి ఒంటికంటితో చూసే స్పాటింగ్ స్కోపు కావాలి. ఆవిడ చూడని పిట్టను తనొక్కడే చూసి ఏం చేసుకోవాలని మాస్టారి బాధ. బాపట్లలో ఒకటి చూశారు గానీ నచ్చలేదు. తెనాలిలో కళ్ళద్దాల షాపు ఇర్షాద్ రెండు రకాలు తెప్పించాడని తెలిసి ఇద్దరూ రైలెక్కారు.

ముప్పై కన్నా అరవై గొప్పదని లెక్కల మాస్టారికి ఒకరు చెప్పాలా? అరవై పవరుది గుమ్మంలో పెట్టించి, వీధి చివరి మందుల షాపు బోర్డు చదివి మురిసిపోయారు. ఇర్షాద్ దాని లెన్సుకు మూత పెట్టేసి, రెండోది తేవడానికి లోపలికెళ్ళాడు. మాస్టారది గమనించక భార్యను పిలిచి చూడమన్నారు.

"కనపడిందా?"

"ఆ, బోర్డు బాగా కనపడిందండి," అంది సరోజ.

అప్పుడే వచ్చిన ఇర్షాద్ మెల్లగా అన్నాడు. "మూత ఉందమ్మా."

ఇర్షాద్‌కు ఇది కొత్త కాదు. అక్షరాలు కనపడకపోయినా కనపడ్డాయనే వాళ్ళు అతనికి రోజూ తగులుతూనే ఉంటారు. ఆవిడలా కళ్ళద్దాలు పెట్టుకుని బైనాక్యులర్సులో చూస్తే చాలావాటిలో చుట్టూ నల్లబడి ఏమీ దొరకదనీ, అద్దాలు తీస్తే మాస్టారి కంటికి తిప్పిన ఫోకస్ ఆవిడకు మసకేననీ అతనే చెప్పాడు.

"ఇన్నేళ్ళూనా?" అన్నారు మాస్టారు.

"మీరంత ఆశగా అడుగుతుంటే లేదని ఎట్టా చెప్పేదండి?"

మాస్టారికి సిగ్గేసింది. ఊళ్ళోవాళ్ళ పిల్లల తప్పులన్నీ దిద్దిన మనిషి, పక్కనున్న మనిషి చూస్తోందో లేదో చూసుకోలేదు. పవరు మాట మానేసి, అద్దాలు తీయకుండా, కూర్చుని తల వంచుకుని చూడగలిగేది ఏదని అడిగారు. ఇర్షాద్ రెండోది ముందుకు జరిపాడు. పవరు ముప్పైయే. కన్ను ఆనించే గొట్టం మాత్రం పైకి వంగి ఉంది.

ఆదివారం గట్టు మీద సరోజ అరగంటపాటు కుర్చీ వదల్లేదు. తన వంతు ఎప్పుడొస్తుందోనని మాస్టారు పక్కన నిలబడ్డారు. బైనాక్యులర్సుతోనే చూసి, నీటి అంచున ఉన్నది పచ్చకాళ్ళ ఉల్లంకి అని పైకి చదువుతూ పుస్తకంలో రాసుకున్నారు.

"అది కొట్టేయండి," అంది సరోజ, కన్ను తీయకుండా. "దాని కాళ్ళు ఎర్రగా ఉన్నాయి."

మాస్టారు తన జన్మలో ఏ తప్పునూ అంత సంతోషంగా కొట్టేయలేదు.